తాళాలు వెయ్యని ఊరు

పిల్లలూ, రాత్రి పడుకోబోయేముందు మీ ఇంట్లో పెద్దవాళ్లు వీధితలుపు గడియ వేశారో లేదో చూసుకుంటారు గదా. ఊరికి వెళ్లేటప్పుడైతే తాళం వేసి, దాన్ని రెండుసార్లు లాగి మరీ చూస్తారు. కాని ఈ భూమిమీద ఒక ఊరున్నది. ఆ ఊళ్లో తలుపులకు తాళాలు వెయ్యరు. వెయ్యకూడదని అక్కడి కట్టుబాటు.

అక్కడ దొంగలు లేరు కాబోలు అనుకుంటున్నారా? దొంగల మాట అట్లా ఉంచండి. అక్కడ ధ్రువపు ఎలుగుబంట్లు తిరుగుతాయి. బాగా ఎదిగిన మగ ఎలుగు 400, 500 కిలోల బరువు తూగుతుంది. దారిన పోతూండగా అది ఎదురుపడితే మనిషి దగ్గరలో ఏ ఇల్లు ఉంటే ఆ ఇంట్లోకి దూరి ప్రాణం కాపాడుకోవాలి. ఆ సమయంలో తలుపుకు తాళం వేళ్లాడుతూ ఉంటే ఇంకేమున్నది! అందుకని అక్కడ ఎవరి తలుపైనా సరే, తోస్తే తెరుచుకుంటుంది.

ఆ ఊరి పేరు నీ-ఓలెసుండ్. అది ఉత్తరధ్రువానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో, స్వాల్‌బార్డ్ అనే ద్వీపాల గుంపులో ఉన్నది. అక్టోబరు చివర అస్తమించిన సూర్యుడు మళ్లీ ఫిబ్రవరిలోగాని అక్కడ కనిపించడు. చలికాలంలో ఊరి జనం 30, 40 మందికి మించరు. వేసవిలో 100 దాటుతారు. వాళ్లంతా ఒక దేశం వాళ్లు కారు. నార్వే, జర్మనీ, ఫ్రాన్సు, బ్రిటన్, ఇటలీ, జపాను, కొరియా, చైనా మొదలైన పది దేశాల దాకా అక్కడ పరిశోధన స్థానాలు పెట్టుకున్నాయి. వాటిలో ఒకటి మనది. 2008 జులై 1వ తేదీన ప్రారంభించారు. దాని పేరు "హిమాద్రి".

ఇప్పుడు మీరు రెండు ప్రశ్నలు అడగాలి. మంచు ఎడారిలో మనకు ఇల్లు ఎవరు పెట్టుకోనిచ్చారు? అసలు అక్కడ మనకేం పని?

గ్లోబును పైనుంచి చూడండి

అట్లాసులో ప్రపంచపటం తీస్తే ఉత్తరధ్రువ ప్రాంతం పైఅంచున సాగదీసినట్టు కనిపిస్తుంది. అది చూసి ఆర్కిటిక్ అంటే ప్రపంచానికి ఒక మూల అనుకుంటాము. మీ బడిలో గ్లోబు ఉంటే దాన్ని పైనుంచి చూడండి. మధ్యలో ఒక సముద్రం, దాని చుట్టూ భూమి! దక్షిణధ్రువం సంగతి ఇందుకు తలకిందులు. అక్కడ మధ్యలో భూమి, చుట్టూ సముద్రం.

ఈ ఆర్కిటిక్ సముద్రం ఒడ్డున ఐదు దేశాలున్నాయి. అవి రష్యా, కెనడా, అమెరికా, నార్వే, గ్రీన్లాండు గల డెన్మార్కు. ఒడ్డులో దాదాపు సగం ఒక్క రష్యాకే ఉన్నది. ఐస్‌లాండు, స్వీడను, ఫిన్లాండులను కూడా కలుపుకుంటే ఆర్కిటిక్ దేశాలు మొత్తం 8.

సముద్రపు ఒడ్డున ఉన్న దేశానికి తన తీరంనుంచి సుమారు 370 కిలోమీటర్ల మేర చేపలమీద హక్కు ఉంటుంది. ఆ హద్దు దాటితే అవతలి నీళ్లు ఏ ఒక్కరివీ కావు. ఏ ఒక్కరిదీ కానిదాని గతి ఏమవుతుందో పల్లెటూరి పిల్లలకు వేరే చెప్పక్కరలేదు. ఊరుమ్మడి చెరువులో నీళ్లు పెట్టుకునేందుకు అందరూ వస్తారు. పూడిక తియ్యమంటే ఎవరూ రారు. అందుకే మన పెద్దలు తూము ఎత్తి దించటానికి ఒక మనిషిని పెట్టి, ఏ పొలానికి ఎప్పుడు నీళ్లు పోవాలో ముందుగానే మాట్లాడుకునేవారు. ఎండలు ముదిరి, చెరువు అడుగంటిన తరవాత పంపకం మొదలుపెడితే కర్రలు లేస్తాయి మరి!

ఆర్కిటిక్‌లో దేశాలు నేర్చుకున్న పాఠం కూడా ఇదే. కాని ఆ బుద్ధి వాళ్లకు మొదటినుంచీ లేదు.

ఎవరిదీ కాని ద్వీపాలు

1596లో విలియం బారెంట్స్ అనే డచ్చి నావికుడు ఉత్తరపు సముద్రంగుండా తూర్పుదేశాలకు దారి వెతుకుతూ స్వాల్‌బార్డ్ ద్వీపాలను చూశాడు. దారి దొరకలేదుగాని తిమింగిలాలు దొరికాయి. కొద్ది ఏళ్లలోనే డచ్చివాళ్లూ, ఇంగ్లీషువాళ్లూ అక్కడికి ఎగబడ్డారు. తిమింగిలపు కొవ్వును కాచి నూనె తీసి దీపాలకూ, సబ్బులకూ వాడేవారు. డచ్చివాళ్లు అక్కడ స్మేరెన్‌బర్గ్ అని ఒక మకాం పెట్టారు. ఆ మాటకు అర్థం "కొవ్వు ఊరు" అని.

"ఇక చాలు" అన్నవాడు లేడు. అనే అధికారం ఎవరికీ లేదు. నేను మానితే వాడు పడతాడు, అటువంటప్పుడు నేనెందుకు మానాలి అన్నట్టుగా వేట సాగింది. ఆ సముద్రంలోని బోహెడ్ తిమింగిలాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అవి ఈనాటికీ పూర్వపు సంఖ్యకు చేరలేదు.

1900 ప్రాంతాల అక్కడ బొగ్గు గనులు మొదలయ్యాయి. అప్పుడూ అంతే. ఇద్దరు గనివాళ్లకు హద్దు తగాదా వస్తే తీర్పు చెప్పేందుకు కోర్టు లేదు, పోలీసు లేడు. చివరకు మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, 1920 ఫిబ్రవరి 9న, పారిస్ నగరంలో ఒక ఒడంబడిక జరిగింది. దాని ప్రకారం ద్వీపాలు నార్వేవి అయ్యాయి. కాని సంతకం చేసిన దేశాల ప్రజలందరికీ అక్కడ చేపలు పట్టటానికీ, వేటాడటానికీ, గనులు తవ్వటానికీ సమానమైన హక్కు ఉంటుంది. నార్వే తనవాళ్లకు ఒక పాలు ఎక్కువ పెట్టుకోరాదు. అక్కడ వసూలు చేసిన పన్నును అక్కడే ఖర్చుపెట్టాలి. యుద్ధానికి ఆ నేలను వాడరాదు.

యజమాని ఒకడు, అనుభవించేవారు అందరూ! చిత్రంగా ఉన్నది గదా? అయినా ఈ ఏర్పాటు 1925లో అమలుకు వచ్చి ఈనాటివరకు నిలిచింది. ఇప్పుడు ఇందులో 40కి పైగా దేశాలున్నాయి. 1920లో బ్రిటిషువారు తమ ఏలుబడిలో ఉన్న మన దేశం పక్షాన కూడా సంతకం పెట్టారు. అందుచేత భారతదేశం ఈ ఒడంబడికలో మొదటినుంచీ ఉన్నట్టే.

ఇక నీ-ఓలెసుండ్ సంగతి. అది మొదట బొగ్గుగని ఊరు. 1962 నవంబరులో గని పేలి 21 మంది పనివాళ్లు చనిపోయారు. మరుసటి ఏడు గని మూతపడింది. తరవాత ఆ ఇళ్లను శాస్త్రజ్ఞులకు ఇచ్చారు. ఊరు నార్వే ప్రభుత్వపు కంపెనీ అధీనంలో ఉన్నది. మన హిమాద్రి కూడా అద్దె ఇల్లే. ఆ ఊళ్లో ఇంకొక కట్టుబాటు ఉన్నది: సెల్‌ఫోనుగాని, వైఫైగాని వాడరాదు. బహుదూరపు నక్షత్రమండలాలనుంచి వచ్చే అతిసన్నని రేడియో తరంగాలను పట్టే యంత్రాలు అక్కడ ఉన్నాయి. ఒకడి ఫోను మోగితే ఇంకొకరి పని చెడుతుంది. అందుకని అందరూ ఆపుకుంటారు.

ఎలుగుకు రక్షణ, చేపకు గడువు

రష్యా అప్పట్లో సోవియట్ యూనియన్. అమెరికాకూ దానికీ బద్ధవైరం. ఇద్దరూ ఆర్కిటిక్ మంచుకింద అణుజలాంతర్గాములు తిప్పుతున్న రోజులవి. అదే సమయంలో వేటగాళ్లు విమానాలెక్కి ధ్రువపు ఎలుగులను తరిమి కాల్చేవారు. ఎలుగుకు దేశం హద్దులు తెలియవు. అది మంచుగడ్డమీద నడుస్తూ ఒక దేశంనుంచి ఇంకొక దేశానికి వెళుతుంది. ఒకరు కాపాడి, ఇంకొకరు చంపితే ఏం లాభం?

ఆ మాట 1965లో అలాస్కాలో ఐదు దేశాలవాళ్లు సమావేశమై మాట్లాడుకున్నారు. 1973 నవంబరు 15న ఓస్లోలో కెనడా, డెన్మార్కు, నార్వే, సోవియట్ యూనియన్, అమెరికా కలిసి ఒడంబడికకు వచ్చాయి. విమానాలనుంచీ, పెద్ద మరపడవలనుంచీ ఎలుగును వేటాడరాదు. తరతరాలుగా వేటమీద బతికే అక్కడి ప్రజలు మాత్రం తమ పూర్వపు పద్ధతిలో వేటాడుకోవచ్చు. మిగతా విషయాల్లో మొహాలు చూసుకోని దేశాలు ఎలుగు విషయంలో ఒక కాగితంమీద సంతకం పెట్టాయి.

1987లో సోవియట్ నాయకుడు గోర్బచేవ్ మూర్మాన్‌స్క్ నగరంలో మాట్లాడుతూ, ఆర్కిటిక్‌ను శాంతిమండలంగా చేసుకుందామన్నాడు. ఆ తరవాత పనులు చురుకందుకున్నాయి. 1996లో కెనడా రాజధాని ఒట్టావాలో 8 దేశాలూ కలిసి ఆర్కిటిక్ మండలిని స్థాపించాయి. ఈ మండలిలో మెచ్చుకోదగిన సంగతి ఒకటున్నది. ఇనూయిట్లు, సామీలు మొదలైన స్థానిక జాతుల సంఘాలు ఆరింటికి మంత్రుల సరసన శాశ్వతంగా చోటిచ్చారు. ఆ జాతులవాళ్లు దేశాలూ హద్దులూ పుట్టకముందునుంచీ అక్కడ ఉన్నవాళ్లు. ఏ నిర్ణయమైనా 8 దేశాలూ ఒప్పుకుంటేనే జరుగుతుంది. సైన్యాల సంగతులు మాత్రం అక్కడ ఎత్తరాదు. 2011లో ఈ 8 దేశాలూ ఇంకొక ఒప్పందం చేసుకున్నాయి: సముద్రంలో ఓడగాని, విమానంగాని ప్రమాదంలో పడితే ఏ ప్రాంతంలో ఎవరు ముందు పరుగెత్తాలి అన్నది పంచుకున్నాయి.

అన్నిటికన్న నాకు నచ్చినది చేపల ఒడంబడిక. ఆర్కిటిక్ సముద్రం నడిమధ్యన 28 లక్షల చదరపు కిలోమీటర్ల నీళ్లు ఎవరి హద్దులోనూ లేవు. వేల ఏళ్లుగా దానిపైన మంచు మూత ఉన్నది కనక వల వేసే ప్రశ్నే రాలేదు. ఇప్పుడు వేసవిలో ఆ మూత అక్కడక్కడ తెరుచుకుంటున్నది. కింద ఏం చేపలున్నాయో, ఎన్ని ఉన్నాయో సరిగా ఎవరికీ తెలియదు. 2018 అక్టోబరులో గ్రీన్లాండులోని ఇలులిసాట్ పట్టణంలో 9 దేశాలూ, ఐరోపా సమాజమూ కలిసి ఒక మాట అనుకున్నాయి: అక్కడి ప్రాణుల సంగతి శాస్త్రజ్ఞులు తేల్చేదాకా వ్యాపారానికి వల వెయ్యవద్దు. ఇది 2021 జూన్ 25న అమలుకు వచ్చింది. గడువు 16 ఏళ్లు. అమెరికా, రష్యా, చైనా మూడూ ఇందులో ఉన్నాయి. తిమింగిలాల విషయంలో కథ ముగిశాక కళ్లు తెరిచినవాళ్లు చేపల విషయంలో ఒక్క వల పడకముందే కూర్చుని మాట్లాడుకున్నారన్నమాట.

మనకేం పని?

ఇక రెండో ప్రశ్నకు వద్దాం. ఇందుకు ఇంట్లోనే ఒక ప్రయోగం చెయ్యండి. రెండు గాజుగ్లాసులు తీసుకోండి. మొదటిదాంట్లో నీళ్లు పోసి ఒక మంచుముక్క వెయ్యండి. అది తేలుతుంది. రెండోదాంట్లో ఒక రాయి నిలబెట్టి, రాయి కొన పైకి కనిపించేటట్టు నీళ్లు పోసి, ఆ కొనమీద మంచుముక్క పెట్టండి. రెండు గ్లాసులమీదా నీటిమట్టం దగ్గర గీత గియ్యండి. మంచు కరిగాక చూడండి. మొదటి గ్లాసులో నీరు గీత దగ్గరే ఉంటుంది. రెండోదాంట్లో గీత దాటుతుంది.

ఆర్కిటిక్ సముద్రంమీద తేలే మంచు మొదటి గ్లాసు. గ్రీన్లాండు నేలమీద ఉన్న మంచు రెండో గ్లాసు. ఆ గ్రీన్లాండు మంచు మొత్తం కరిగితే ప్రపంచంలో సముద్రాలన్నీ సుమారు 7 మీటర్లు పైకి వస్తాయి. అది ఒక్క రోజులో జరిగే పని కాదు, శతాబ్దాల మాట. కాని ఇప్పుడే కొంతకొంత కరుగుతున్నది. సముద్రాలన్నీ కలిసే ఉన్నాయి కనక అక్కడ కలిసిన నీరు అక్కడే ఆగదు. కాకినాడ దగ్గర ఉప్పాడను సముద్రం ఇప్పటికే కోస్తున్నది. అటువంటి తీరాలకు నీటిమట్టం ఇంకొక జానెడు పెరగటం చిన్న విషయం కాదు.

అయితే తేలే మంచు కరిగితే నష్టం లేదా? ఉన్నది. ఎండలో తెల్లచొక్కా, నల్లచొక్కా తొడిగి చూడండి. తెల్లనిది వేడిని తిప్పికొడుతుంది, నల్లనిది పీల్చుకుంటుంది. తెల్లని మంచు పోయినచోట నల్లని నీళ్లు బయటపడతాయి. అవి వేడిని పీల్చుకుని మరింత మంచును కరిగిస్తాయి. 1979 నుంచి ఆర్కిటిక్ ప్రాంతం భూమి మొత్తపు సగటుకన్న దాదాపు 4 రెట్లు వేగంగా వేడెక్కిందని 2022లో లెక్క తేల్చారు. ఈ మార్పులకూ, మన పొలాలను తడిపే రుతుపవనాలకూ ఎటువంటి సంబంధం ఉన్నదో మన శాస్త్రజ్ఞులు పరిశీలిస్తున్నారు. మనకక్కడ ఉన్న పని అది.

2007 వేసవిలో మనవాళ్లు ఐదుగురు మొదటిసారిగా అక్కడికి వెళ్లారు. 2014 జులైలో నీ-ఓలెసుండ్ పక్కనే ఉన్న కాంగ్స్‌ఫియార్డ్‌లో ఒక యంత్రాల దండను దించారు. ఫియార్డ్ అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. అక్కడ అట్లాంటిక్ వెచ్చని నీరూ, హిమనదాలు కరిగిన చల్లని నీరూ కలుసుకుంటాయి. 192 మీటర్ల లోతున లంగరు వేసి, తాడుకు పువ్వులు గుచ్చినట్టు వేర్వేరు లోతుల్లో యంత్రాలు కట్టారు. నీటి వేడి, ఉప్పదనం, ప్రవాహం అవి కొలుస్తాయి. దాని పేరు "ఇండ్‌ఆర్క్". గోవా, చెన్నై సంస్థలతోబాటు మన హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రంవారికి కూడా ఆ పనిలో భాగమున్నది. దించటంలో నార్వే శాస్త్రజ్ఞులు సహాయం చేశారు. 2023 డిసెంబరునుంచి మనవాళ్లు సూర్యుడు లేని చలికాలంలో కూడా హిమాద్రిలో ఉండి పని చెయ్యటం మొదలుపెట్టారు.

ఆర్కిటిక్ మండలిలో మన దేశానికి 2013 మే నెలలో పరిశీలక స్థానం ఇచ్చారు. అంటే కూర్చుని వినవచ్చు, పనుల్లో చెయ్యి వెయ్యవచ్చు, ఓటు మాత్రం లేదు. ఆర్కిటిక్‌కు బయటి దేశాలు 13 ఇట్లా ఉన్నాయి. 2022 మార్చి 17న మన ప్రభుత్వంవారు ఆర్కిటిక్ విధానాన్ని ప్రకటించారు. అందులో ఆరు అంశాలు ఉన్నాయి: పరిశోధన, వాతావరణ రక్షణ, ఆర్థిక మానవాభివృద్ధి, రవాణా, పరిపాలనలోనూ అంతర్జాతీయ సహకారంలోనూ పాలుపంచుకోవటం, మన దేశంలో నైపుణ్యాన్ని పెంచుకోవటం.

తలుపు మూసుకుంటే

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. సహకారాన్ని గురించి మనవాళ్లు ఈ విధానం ప్రకటించింది మార్చి 17న. దానికి సరిగ్గా రెండు వారాల ముందు, మార్చి 3న, ఆర్కిటిక్ మండలిలో తక్కిన ఏడు దేశాలూ రష్యాతో కూర్చోమన్నాయి. ఫిబ్రవరిలో రష్యా యుక్రెయిన్‌మీదికి సైన్యాన్ని పంపిందన్నది కారణం. అప్పుడు మండలి అధ్యక్షస్థానంలో ఉన్నది రష్యాయే! పనులు ఆగిపోయాయి.

దేశాల తగాదాలో న్యాయాన్యాయాలు ఇక్కడ తేల్చబోవటం లేదు. కాని ఆ తగాదావల్ల శాస్త్రానికి జరిగిన నష్టం మీరు తెలుసుకోవాలి. సైబీరియాలో నేల లోతువరకు గడ్డకట్టి ఉంటుంది. అది కరిగితే అందులో ఇరుక్కున్న వాయువులు బయటికి వచ్చి భూమి మరింత వేడెక్కుతుంది. అక్కడి కొలతలు తక్కిన దేశాల శాస్త్రజ్ఞులకు చాలావరకు అందకుండా పోయాయి. నాడి చూసే డాక్టరుకు రోగి ఒంట్లో సగం కనబడకుండా ముసుగు వేస్తే ఏం వైద్యం చేస్తాడు?

అయినా అంతా తెగిపోలేదు. 2023 మేలో మండలి అధ్యక్షత రష్యానుంచి నార్వేకు సవ్యంగా చేతులు మారింది. 2024లో మండలి కార్యవర్గాలు ఎవరి దేశంలో వాళ్లుండి యంత్రాలద్వారా మళ్లీ సమావేశం కావటం మొదలుపెట్టాయి. 2025 మేలో అధ్యక్షత డెన్మార్కుకు వెళ్లింది. స్వాల్‌బార్డ్‌లో రష్యావారి బారెంట్స్‌బర్గ్ ఊరు నార్వే చట్టంకిందే సాగుతున్నది. చేపల ఒడంబడికనుంచి ఎవరూ తప్పుకోలేదు. మండలిలో మాటలు ఆగినా, ముందుగా రాసుకున్న కట్టుబాట్లు నిలిచాయి. స్నేహంగా ఉన్నప్పుడు చేసుకున్న ఏర్పాటు విరోధం వచ్చినప్పుడు అక్కరకు వస్తుంది. ఎలుగుబంటి ఎదురైనప్పుడు ఇంటివాళ్లను పిలిచి తాళంచెవి తెప్పించే వ్యవధి ఉండదు గదా!

చివరకు మీకొక లెక్క. చేపల ఒడంబడిక 2021లో అమలుకు వచ్చింది, గడువు 16 ఏళ్లు. అంటే 2037 వరకన్నమాట. అప్పుడు ఇందులో ఉన్నవారు ఎవరూ అడ్డుచెప్పకపోతే అది ఇంకొక 5 ఏళ్లు సాగుతుంది. ఒక్కరు కాదన్నా ఆగుతుంది. మన దేశం ఈ ఒడంబడికలో లేదు. కాని ఆ సముద్రాన్ని కొలిచేవారిలో మనవాళ్లున్నారు. వల వెయ్యాలా వద్దా అన్నది తేల్చేది ఆ కొలతలే. 2037లో మీ వయస్సు ఎంత ఉంటుందో ఇప్పుడే వేసి చూసుకోండి. అప్పటికి ఆ యంత్రాల దండను పైకి లాగి, లెక్కలు చదివేవాళ్లు ఎవరో ఒకరు కావాలి.